అరవై దాటాక ఆరోగ్య బీమా ఎంపిక: కర్నూలు, అనంతపురం, కడప పెద్దల కోసం

కర్నూలులో ఒక పెద్దాయనకు అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే ముందు పెద్దాసుపత్రికి, అక్కడ కాస్త కుదుటపడ్డాక సుమారు 210 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు తీసుకువెళతారు. అదే అనంతపురంలో అయితే కారు బెంగళూరు దారి పడుతుంది. కడపలో అయితే తిరుపతి, అక్కడ కాకపోతే వేలూరు, చెన్నై. ఇక్కడ పుట్టి పెరిగిన వారెవరికీ ఇది కొత్త సంగతి కాదు. అయినా ఆరోగ్య బీమా కొనేటప్పుడు మాత్రం ఈ ప్రయాణం ఎవరికీ గుర్తుకు రాదు. ప్రీమియం ఎంత, కవరేజీ ఎంత అన్న రెండు అంకెలు చూసి సంతకం చేసేస్తాం. అరవై ఏళ్లు దాటిన వారికి ఈ పద్ధతి పనికిరాదు. ప్రభుత్వం నుంచి ఇప్పటికే ఏ రక్షణ ఉందో, జబ్బు చేస్తే నిజంగా ఏ ఊరికి వెళతామో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే పాలసీల జోలికి వెళ్లాలి. నేను బీమా ఏజెంటును కాను. మా అమ్మ పాలసీ విషయంలో ఒకసారి చేతులు కాల్చుకున్న తర్వాత, బంధువుల పాలసీ పత్రాలన్నీ చదివిపెట్టే పని నా మీద పడింది. ఆ అనుభవంతోనే ఈ క్రమాన్ని రాస్తున్నాను.

మొదటి అడుగు: ఇప్పటికే చేతిలో ఉన్న రక్షణను లెక్కించడం

రాయలసీమ వారికి ప్రభుత్వ ఆరోగ్య పథకం కొత్త కాదు. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన మూడు జిల్లాలలో అనంతపురం ఒకటి. ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న ఈ పథకంలో అర్హత గల కుటుంబానికి ఏడాదికి 25 లక్షల రూపాయల వరకు చికిత్స పరిమితి ఉంది. ఆ పరిమితిని 2023 డిసెంబరులో పెంచారు. అయితే ఇది జాబితాలో ఉన్న చికిత్సలకు, జాబితాలో ఉన్న ఆస్పత్రులలో, పథకం నిర్ణయించిన ప్యాకేజీ ధరలకు మాత్రమే వర్తిస్తుంది. మీ కుటుంబం పేరు నమోదై ఉందో లేదో గ్రామ లేదా వార్డు సచివాలయంలో గానీ, 104 నంబరుకు ఫోన్ చేసి గానీ, నెట్‌వర్క్ ఆస్పత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్ర దగ్గర గానీ తెలుసుకోవచ్చు. పిల్లలు ఉద్యోగాలలో చేరి ఆదాయపు పన్ను కట్టడం మొదలయ్యాక, లేదా రేషన్ కార్డు వేరుపడ్డాక, తల్లిదండ్రుల అర్హత మారిపోయిన ఇళ్లను నేను చూశాను. పదేళ్ల కిందటి కార్డు బీరువాలో భద్రంగా ఉందన్న ధీమాతో ఉండిపోకుండా, ఇప్పుడు అది చెల్లుతుందో లేదో నిర్ధారించుకోవాలి.

డెబ్బై ఏళ్లు నిండిన వారికి మరొకటి ఉంది. 2024 అక్టోబరు 29న కేంద్ర ప్రభుత్వం ఆయుష్మాన్ వయ వందన కార్డును ప్రారంభించింది. దీనికి ఆదాయ పరిమితి లేదు. ఆధార్ ప్రకారం 70 ఏళ్లు నిండి ఉంటే చాలు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆస్పత్రి చికిత్స లభిస్తుంది. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ డెబ్బై దాటిన వారైతే ఆ 5 లక్షలను ఇద్దరూ పంచుకోవాలి, తలా ఐదు లక్షలు కాదు. ముందునుంచే ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం లేదు. షుగర్, బీపీ, గుండెజబ్బు మొదటి రోజు నుంచే కవర్ అవుతాయి. వయసు మీరిన వారికి ఏ ప్రైవేటు పాలసీలోనూ ఇంత సులువుగా దొరకని సౌకర్యం ఇది. ప్రైవేటు పాలసీ ఉన్నవారు కూడా ఈ కార్డు తీసుకోవచ్చు. సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులది), ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికులది) వంటి కేంద్ర పథకాలలో ఉన్నవారు మాత్రం రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి. కార్డును ఆయుష్మాన్ యాప్‌లో ఆధార్‌తో నమోదు చేసుకోవచ్చు. సందేహాలకు 14555 నంబరు ఉంది. కార్డు చేతికి వచ్చాక చేయవలసిన పని ఒకటుంది: మీరు వెళ్లే ఆస్పత్రి ఈ కార్డును, అందులోనూ మీకు కావలసిన విభాగంలో, అంగీకరిస్తుందో లేదో స్వయంగా అడగాలి. ఒక ఆస్పత్రి కంటి విభాగానికి ఒప్పుకుని గుండె విభాగానికి ఒప్పుకోకపోవచ్చు.

పెన్షనర్ల సంగతి వేరు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులుగా, ఉపాధ్యాయులుగా పదవీ విరమణ చేసిన వారికి ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు ఉంటుంది. గుంతకల్లు డివిజన్‌లో పనిచేసి రిటైరైన రైల్వే వారికి తమ సొంత ఆస్పత్రి, రిఫరల్ ఏర్పాటు ఉంటాయి. మాజీ సైనికులకు ఈసీహెచ్ఎస్ ఉంది. బ్యాంకు విశ్రాంత ఉద్యోగులకు సమష్టి పాలసీలో చేరే అవకాశం ఉంటుంది. వీరిలో చాలామందికి కొత్త మూల పాలసీ అవసరం ఉండకపోవచ్చు. ఉన్నదానికి పైన మరో పొర చాలు. దాని గురించి నాలుగో అడుగులో చెబుతాను.

బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉన్న కొడుకో కూతురో తమ కంపెనీ బీమాలో తల్లిదండ్రుల పేర్లు చేర్చి ఉండవచ్చు. అది మంచిదే, కానీ ఉద్యోగం ఉన్నంతకాలమే అది ఉంటుంది. కంపెనీ మారినా, ఉద్యోగం పోయినా, కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి తల్లిదండ్రులను జాబితా నుంచి తీసేసినా, మీకు డెబ్బై రెండో ఏట కొత్త పాలసీ వెతుక్కోవలసిన అవసరం పడుతుంది. సమష్టి పాలసీ నుంచి బయటికి వచ్చే వారు అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారి, అప్పటిదాకా గడిచిన నిరీక్షణ కాలాన్ని నిలబెట్టుకునే వీలుంది. ఉద్యోగం మానే ముందే ఆ దరఖాస్తు పెట్టమని పిల్లలకు చెప్పి ఉంచండి.

రెండో అడుగు: ఏ ఊరికి, ఏ ఆస్పత్రికి వెళతారో కాగితం మీద రాయడం

కుటుంబమంతా ఒక సాయంత్రం కూర్చుని మూడు పేర్లు రాయాలి: అర్ధరాత్రి అవసరమైతే వెళ్లే స్థానిక ఆస్పత్రి, ముందుగా అనుకుని చేయించుకునే శస్త్రచికిత్సకు వెళ్లే ఆస్పత్రి, పెద్ద జబ్బుకు వెళ్లే దూరపు ఊరి ఆస్పత్రి. ఈ మూడు పేర్లు లేకుండా పాలసీల పోలిక మొదలుపెట్టడం దండగ.

ఆ జాబితాలో కొన్ని పేర్లకు అసలు బీమాయే అవసరం లేదు. పుట్టపర్తిలో 1991లో మొదలైన సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థలో గుండె శస్త్రచికిత్సలు సైతం ఉచితంగా చేస్తారు. బత్తలపల్లిలో ఆర్‌డీటీ స్వచ్ఛంద సంస్థ నడిపే ఆస్పత్రి తక్కువ ఖర్చుకు పేరు పొందింది. కర్నూలు, అనంతపురం ప్రభుత్వ సర్వజన వైద్యశాలలు, కడప రిమ్స్ ఉండనే ఉన్నాయి. ఆగగలిగిన చికిత్సకు వీటిని ఆశ్రయించేవారు బీమా మొత్తాన్ని అత్యవసరాల కోసం, దూరపు ఊరి ఖర్చు కోసం లెక్కవేసుకోవచ్చు.

తర్వాత, రాసుకున్న ప్రతి ప్రైవేటు ఆస్పత్రికి సంబంధించి మూడు విషయాలు తెలుసుకోవాలి. మొదటిది, ఆ ఆస్పత్రి మీరు చూస్తున్న బీమా సంస్థ నగదు రహిత నెట్‌వర్క్‌లో ఉందా? సంస్థ వెబ్‌సైటులో పేరు ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆస్పత్రిలోని బీమా విభాగానికి ఫోన్ చేసి, ‘ఈ సంస్థ పాలసీకి ఇప్పుడు క్యాష్‌లెస్ చేస్తున్నారా’ అని అడగాలి. ధరల విషయంలో తగాదా వచ్చి ఒప్పందాలు మధ్యలో ఆగిపోవడం మామూలే. నెట్‌వర్క్‌లో లేని ఆస్పత్రిలోనూ క్యాష్‌లెస్ ఇచ్చే ఏర్పాటును బీమా సంస్థలు 2024 జనవరిలో ప్రకటించాయి. అయితే అది సంస్థ అంగీకారం మీద, ముందస్తు సమాచారం మీద ఆధారపడి ఉంటుంది గనుక అర్ధరాత్రి అవసరానికి దాన్ని నమ్ముకోకూడదు.

రెండోది, పాలసీ నిర్వచనం ప్రకారం అది ‘ఆస్పత్రి’ అవుతుందా? పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లలో, అంటే మన మూడు పట్టణాలలోనూ, కనీసం 10 పడకలు, రేయింబవళ్లు వైద్యుడు, నర్సులు, ఆపరేషన్ థియేటర్, రోజువారీ రికార్డులు ఉండాలన్నది సాధారణ నిబంధన. వీధి చివర నాలుగు మంచాలతో నడిచే నర్సింగ్ హోములో మూడు రోజులు సెలైన్ ఎక్కించుకుని బిల్లు పంపితే అది తిరిగి వస్తుంది. కొన్ని సంస్థలు మోసపూరిత బిల్లుల కారణంగా దూరం పెట్టిన ఆస్పత్రుల జాబితాను కూడా ప్రకటిస్తాయి. దాన్నీ ఒకసారి చూడాలి.

మూడోది జోన్. సీమ జిల్లాల వారికి అన్నిటికంటే ముఖ్యమైనదీ, ఏజెంట్లు అన్నిటికంటే తక్కువ చెప్పేదీ ఇదే. చాలా సంస్థలు దేశాన్ని జోన్లుగా విడగొట్టి, పెద్ద నగరాల వారికి ఎక్కువ ప్రీమియం, చిన్న పట్టణాల వారికి తక్కువ ప్రీమియం వేస్తాయి. మీ ఆధార్ చిరునామా అనంతపురం గనుక మీకు ప్రీమియం తక్కువ పడుతుంది. సంతోషమే. కానీ కొన్ని పాలసీలలో, తక్కువ జోన్ ప్రీమియం కట్టిన వారు ఎక్కువ జోన్ నగరంలో చికిత్స చేయించుకుంటే బిల్లులో కొంత శాతం తామే భరించాలన్న షరతు ఉంటుంది. బెంగళూరుకో హైదరాబాద్‌కో వెళ్లడం ఖాయమని తెలిసిన మనకు ఈ షరతు ఉన్న పాలసీ చవక బేరం కాదు. అడగవలసిన ప్రశ్న సూటిగా ఇది: ‘నేను ఈ చిరునామాతో పాలసీ తీసుకుని బెంగళూరులో చేరితే నా వాటా ఎంత?’ జవాబును ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో రాతపూర్వకంగా తీసుకోండి. వాటా ఉందంటే, కాస్త ఎక్కువ ప్రీమియం కట్టి పై జోన్‌ను ఎంచుకునే వీలుందేమో అడగండి. కొన్ని పాలసీలు ఇస్తాయి.

మూడో అడుగు: ఆరోగ్య చరిత్రను దాచకుండా రాయడం

ప్రతిపాదన పత్రం నింపేటప్పుడు ‘షుగర్ రాయకండి అంకుల్, ప్రీమియం పెరుగుతుంది’ అని చెప్పే ఏజెంటు దగ్గర ఆగకుండా లేచి రావడం మంచిది. క్లెయిమ్ వచ్చిన రోజు ఆస్పత్రి కేస్ షీటులో ‘పన్నెండేళ్లుగా మధుమేహం’ అని డ్యూటీ డాక్టరు రాస్తాడు. ఆ మాట చెప్పేది కూడా పక్కనున్న మన ఇంటివాళ్లే. అక్కడితో పాలసీ కథ ముగుస్తుంది.

అందుచేత ఏ జబ్బు ఏ సంవత్సరంలో బయటపడింది, ఏ మందులు ఎంత మోతాదులో వాడుతున్నారు, ఏ ఆపరేషన్లు జరిగాయి, స్టెంట్ ఉందా, థైరాయిడ్ ఉందా అన్నవి ఒక కాగితం మీద రాసి, పాత రిపోర్టుల నకళ్లు జతచేసుకోవాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన అనంతపురం జిల్లా పల్లెల వారిలో ఒళ్లునొప్పులు, కీళ్లు బిగుసుకుపోవడం మామూలు విషయంగా భావించి ఎవరికీ చెప్పరు. మోకాళ్లకు వైద్యుణ్ని సంప్రదించి ఉంటే అదీ రాయాలి. పత్రాన్ని ఏజెంటు నింపినా, ఫోన్‌లో నింపినా, సంతకానికి ముందు మీరో మీ పిల్లలో ప్రతి జవాబునూ చదవాలి. నింపిన పత్రం నకలు మీ దగ్గర ఉండాలి.

చెప్పినందువల్ల ఏమవుతుంది? మూడింటిలో ఒకటి: ప్రీమియం కొంత పెంచి ఇస్తారు, లేదా ఆ జబ్బుకు నిరీక్షణ కాలం పెట్టి ఇస్తారు, లేదా తిరస్కరిస్తారు. 65 ఏళ్లు దాటిన వారికి కొత్త పాలసీ అమ్మనవసరం లేదన్న వెసులుబాటు 2024 ఏప్రిల్ 1 నుంచి సంస్థలకు లేదు. అన్ని వయసుల వారికీ పాలసీలు అందుబాటులో ఉంచాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలు మార్చింది. ప్రతి దరఖాస్తునూ ఆమోదించి తీరాలని మాత్రం దీని అర్థం కాదు. ఒక సంస్థ కాదంటే మరొకటి ఒప్పుకోవచ్చు, కాబట్టి ఒక తిరస్కరణతో నిరాశపడనక్కరలేదు. అయితే కొత్త దరఖాస్తులో ‘గతంలో తిరస్కరించారా’ అన్న ప్రశ్నకు నిజమే రాయాలి.

నిరీక్షణ కాలాలు మూడు రకాలు. పాలసీ మొదలైన 30 రోజుల వరకు ప్రమాదాలకు తప్ప దేనికీ చెల్లించరు. కంటి శుక్లాలు, హెర్నియా, పిత్తాశయంలో రాళ్లు, ప్రోస్టేట్, మోకాలి మార్పిడి వంటి నిర్దిష్ట చికిత్సలకు సాధారణంగా రెండేళ్లు, గరిష్ఠంగా 36 నెలలు ఆగాలి. ముందునుంచే ఉన్న జబ్బులకు కూడా ఇప్పుడు గరిష్ఠ పరిమితి 36 నెలలే. అంతకుముందు 48 నెలలుండేది. వరుసగా 60 నెలలు ప్రీమియం కట్టిన తర్వాత, మోసాన్ని రుజువు చేస్తే తప్ప, ‘జబ్బు దాచారు’ అన్న సాకుతో క్లెయిమ్‌ను తిరస్కరించడానికి వీల్లేదు. వచ్చే ఏడాది మోకాలి ఆపరేషన్ కోసం ఈ ఏడాది పాలసీ కొనే ఆలోచన ఉంటే, దాన్ని ఇక్కడే మానుకోవచ్చు. ఆ డబ్బు విడిగా దాచుకోవడమే మేలు.

నాలుగో అడుగు: ఎంత మొత్తానికి

భార్యాభర్తలిద్దరూ అరవై దాటిన వారైతే చెరొక వ్యక్తిగత పాలసీ ఉండటమే నా దృష్టిలో సరైనది. ఉమ్మడి పాలసీలో ఒకరి జబ్బుకు మొత్తం ఖర్చయిపోతే రెండో వారికి మిగలదు, ప్రీమియం కూడా పెద్దవారి వయసును బట్టే పడుతుంది. పిల్లల కుటుంబ పాలసీలో తల్లిదండ్రులను చేర్చడం ఇంకా పొరపాటు. పిల్లల ప్రీమియం అనవసరంగా పెరుగుతుంది.

పెద్ద మొత్తానికి ఒకే పాలసీ కొనడం ఈ వయసులో భారం. మూల పాలసీ 5 లక్షలకు తీసుకుని, దానిపైన సూపర్ టాప్-అప్ (ఒక పరిమితి దాటిన ఖర్చుకే చెల్లించే అదనపు పాలసీ) తీసుకోవడం తక్కువ ఖర్చుతో అయ్యే పని. టాప్-అప్, సూపర్ టాప్-అప్ ఒకటి కావు. ఏడాదిలో ఒకే మనిషికి 2 లక్షలు, 2.5 లక్షలు, 3 లక్షల చొప్పున మూడు బిల్లులు వచ్చాయనుకుందాం. 5 లక్షల మినహాయింపు ఉన్న, అంటే అంతవరకు సంస్థ చెల్లించని, మామూలు టాప్-అప్‌లో ఏ ఒక్క బిల్లూ విడిగా 5 లక్షలు దాటలేదు గనుక ఒక్క రూపాయి కూడా రాదు. సూపర్ టాప్-అప్ ఏడాది మొత్తాన్ని కలిపి చూస్తుంది, 7.5 లక్షలలో 5 లక్షలు పోగా మిగిలిన 2.5 లక్షలు చెల్లిస్తుంది. షుగర్, గుండె, కిడ్నీ సమస్యలతో ఏడాదికి రెండు మూడు సార్లు చేరే అవకాశమున్న పెద్దలకు ‘సూపర్’ అన్న ఆ ఒక్క మాటలోనే తేడా అంతా ఉంది.

వయ వందన కార్డు 5 లక్షలు ఉంది కదా, దానిపైన 5 లక్షల మినహాయింపుతో సూపర్ టాప్-అప్ తీసుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. కాగితం మీద అందంగా ఉన్నా ఆచరణలో ఇవి సులువుగా అతకవు. ప్రభుత్వ కార్డు మీద చేరితే ప్యాకేజీ ధరకే మొత్తం చికిత్స జరగాలి. కార్డును ఒప్పుకోని కార్పొరేట్ ఆస్పత్రిలో చేరితే మొదటి 5 లక్షలు మీ జేబులోంచే పెట్టాలి. అంత డబ్బు బ్యాంకులో సిద్ధంగా ఉన్నవారికి మాత్రమే ఈ ఏర్పాటు పనికొస్తుంది. పెన్షనర్లకు, కంపెనీ బీమా ఉన్నవారికి ఇది ఇంకొంచెం నయం.

అయిదో అడుగు: షరతులు చదవడం

ఇక్కడ తొందర పనికిరాదు. పాలసీతో పాటు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అనే చిన్న పత్రం ఇవ్వాలి. అందులో కవరేజీ, మినహాయింపులు, నిరీక్షణ కాలాలు, ఉప పరిమితులు (ఒక్కో రకం ఖర్చుకు విడిగా పెట్టిన గరిష్ఠ మొత్తాలు) క్లుప్తంగా ఉంటాయి. కోరితే దాన్ని స్థానిక భాషలో ఇవ్వాలన్నది నిబంధన, కనుక తెలుగులో అడగండి. కొనక ముందే నమూనా పత్రం తెప్పించుకుని చదవడం ఇంకా మంచిది.

గది అద్దె పరిమితి ఎంత ప్రమాదకరమో మా అమ్మ విషయంలో నేర్చుకున్నాను. ఆమె పాలసీ 5 లక్షలది; గది అద్దె అందులో ఒక శాతం, అంటే రోజుకు 5,000 దాటకూడదు. బెంగళూరులో ఒక ఆస్పత్రిలో చేర్చినప్పుడు ఆ ధరకు గది ఖాళీ లేదన్నారు. రోజుకు 8,000 గది తీసుకున్నాం. అయిదు రోజులకు 15,000 మన చేతి నుంచి పడుతుందిలే అనుకున్నాం. డిశ్చార్జి రోజు లెక్క వేరుగా వచ్చింది. మొత్తం బిల్లు 2,10,000. అందులో మందులు, పరీక్షలు 50,000, వీటిని కోయలేదు. మిగిలిన 1,60,000లో గది అద్దె, డాక్టరు ఫీజు, నర్సింగ్, థియేటర్ ఖర్చులున్నాయి. అర్హతకు మించిన గది తీసుకున్నాం గనుక వీటన్నిటినీ అదే నిష్పత్తిలో, ఎనిమిదిలో అయిదు వంతులకు తగ్గించారు, 1,00,000 అయింది. మొత్తం ఆమోదించినది 1,50,000. ఆపైన పాలసీలో 20 శాతం సహ చెల్లింపు, అంటే ఆమోదించిన మొత్తంలో మనం భరించాల్సిన వాటా, ఉంది, మరో 30,000 పోయింది. చివరికి సంస్థ ఇచ్చింది 1,20,000, మేం కట్టింది 90,000. పదిహేను వేలు అనుకున్నది తొంభై వేలయింది. తప్పు సంస్థది కాదు. షరతు పత్రంలోనే ఉంది, మేమే చదవలేదు.

కాబట్టి గది అద్దె పరిమితి లేని, లేదా కనీసం సింగిల్ ప్రైవేటు గది వరకు అనుమతించే పాలసీకే మొదటి ఓటు. అది దొరకనప్పుడు, మీరు రాసుకున్న మూడో ఆస్పత్రికి ఫోన్ చేసి గదుల ధరలు తెలుసుకుని, పరిమితి ఆ ధరలకు సరిపోతుందో చూడాలి. సహ చెల్లింపు విషయంలో నేను కాస్త మెత్తగా ఉంటాను: వయసు, జబ్బులు ఎక్కువగా ఉన్నవారికి సహ చెల్లింపు లేని పాలసీ దొరకకపోవచ్చు, దొరికినా ప్రీమియం మోయలేనంత ఉండవచ్చు. 10 శాతమో 20 శాతమో ఫరవాలేదు. 30 దాటి 50 శాతానికి వెళితే, ప్రీమియం కట్టి బీమా ఉందనుకోవడం తప్ప మిగిలేదేమీ లేదు.

ఆ తర్వాత ఉప పరిమితులు. పోలికకు ఒక కొలబద్ద కావాలంటే, 2020 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ, ఆరోగ్య బీమా సంస్థలూ ఒకే షరతులతో అమ్ముతున్న ఆరోగ్య సంజీవని పాలసీని చూడవచ్చు. అందులో అన్ని వయసులకూ 5 శాతం సహ చెల్లింపు. గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం, గరిష్ఠంగా రోజుకు 5,000. ఐసీయూ 5 శాతం, గరిష్ఠంగా 10,000. కంటి శుక్లం ఆపరేషన్‌కు కంటికి 40,000 లేదా బీమా మొత్తంలో నాలుగో వంతు, ఏది తక్కువైతే అది. సాదాసీదా పాలసీయే గానీ షరతులు స్పష్టంగా ఉంటాయి. స్థానిక ఆస్పత్రులలోనే చికిత్స చేయించుకునే వారికి ఇది చాలు. ఏజెంటు చూపించే ఖరీదైన పాలసీ దీనికంటే ఎక్కడ మెరుగో వరుసగా చెప్పమనండి. చెప్పలేకపోతే ఆ పాలసీ అక్కరలేదు.

ఆస్పత్రిలో చేరక ముందు, డిశ్చార్జి తర్వాత ఎన్ని రోజుల ఖర్చులు ఇస్తారో, గ్లౌజులు, సిరంజిలు, పీపీఈ కిట్ల వంటి వాడి పారేసే వస్తువుల ఖర్చు ఇస్తారో లేదో కూడా చూసుకోవాలి. పెద్ద శస్త్రచికిత్స బిల్లులో ఆ ఖర్చు చిన్నదేమీ కాదు. ఉచిత హెల్త్ చెకప్, జిమ్ సభ్యత్వం, నడక పాయింట్ల గురించి ఎంత ఘనంగా చెప్పినా పట్టించుకోనక్కరలేదు.

ఆరో అడుగు: ప్రీమియం

వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద ఉన్న 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తొలగించారు. ఇప్పుడు మీకు చెప్పే ధరలో పన్ను పేరుతో అదనపు మొత్తం ఉండకూడదు. సీనియర్ సిటిజన్ల పాలసీల ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా తమను సంప్రదించాలని ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో సంస్థలను ఆదేశించింది. అయినా ఈ ఏడాది ధర ఒక్కటే చూసి కొనకండి. 66, 71, 76 ఏళ్ల వయసులో అదే పాలసీకి ఇవాళ్టి పట్టికలో ప్రీమియం ఎంతుందో అడగండి. మూడేళ్ల నిరీక్షణ పూర్తిచేసి, నాలుగో ఏట కట్టలేక వదిలేసిన పాలసీ కంటే నష్టం మరొకటి లేదు.

పాత పన్ను విధానంలో ఉన్నవారికి ఆదాయపు పన్ను లెక్కలో సీనియర్ సిటిజన్ల ప్రీమియానికి ఏడాదికి 50,000 వరకు మినహాయింపు వస్తుంది; తల్లిదండ్రుల ప్రీమియం కట్టే పిల్లలకు కూడా ఇది వర్తిస్తుంది. ప్రీమియాన్ని నగదుగా కాక చెక్కు, యూపీఐ వంటి మార్గాలలో కట్టాలి.

ఏడో అడుగు: కొన్న తర్వాత మొదటి నెల, ఆ తర్వాత

పాలసీ పత్రం అందిన నాటి నుంచి 30 రోజుల వరకు దాన్ని వెనక్కి ఇచ్చే హక్కు మీకుంది. స్వల్ప కోతలు పోగా డబ్బు తిరిగి ఇస్తారు. ఈ నెల రోజులలో పేరు ఆధార్‌తో సరిపోయిందా, పుట్టిన తేదీ సరిగ్గా ఉందా, మీరు చెప్పిన జబ్బులన్నీ పాలసీలో నమోదయ్యాయా అని చూడాలి. ఏజెంటు నోటితో చెప్పినదీ పత్రంలో ఉన్నదీ వేరైతే, పత్రమే నిలుస్తుంది.

ఇప్పటికే పాలసీ ఉండి దాని షరతులు నచ్చకపోతే రద్దు చేసి కొత్తది కొనకండి. రెన్యూవల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు మరో సంస్థకు పోర్ట్ దరఖాస్తు (పాలసీని ఆ సంస్థకు మార్చుకునే దరఖాస్తు) పెడితే, గడిచిన నిరీక్షణ కాలం మీతో పాటే వస్తుంది. కొత్త సంస్థ తిరస్కరించే అవకాశం ఉంది గనుక, అంగీకారం వచ్చేదాకా పాతదాన్ని వదలకూడదు. రెన్యూవల్ తేదీ మరిచిపోతే వార్షిక పాలసీకి 30 రోజుల గడువు ఉంటుంది. కానీ ఆ మధ్యలో వచ్చిన జబ్బుకు రక్షణ ఉండదు.

పాలసీ కార్డు, ఆధార్, మందుల జాబితా, పాత డిశ్చార్జి సమ్మరీలు ఒకే సంచిలో పెట్టి, ఆ సంచి ఎక్కడుందో ఇంట్లో అందరికీ చెప్పండి. ఫొటోలు తీసి దూరాన ఉన్న పిల్లల ఫోన్లకు పంపండి. అత్యవసరంగా చేరితే 24 గంటలలోపు, ముందుగా అనుకున్నదైతే 48 గంటల ముందు బీమా సంస్థకు తెలపాలని చాలా పాలసీలు కోరతాయి. క్యాష్‌లెస్ అభ్యర్థన మీద సంస్థ ఒక గంటలో నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జి బిల్లు అందాక మూడు గంటలలో తుది అనుమతి ఇవ్వాలి. అంతకు మించిన జాప్యం వల్ల ఆస్పత్రి అదనంగా వసూలు చేస్తే దాన్ని సంస్థే భరించాలని 2024 మే నాటి ఐఆర్‌డీఏఐ ఉత్తర్వు చెబుతోంది. సాయంత్రం దాకా డిశ్చార్జి కౌంటరు దగ్గర నిలబెట్టినప్పుడు ఈ సంగతి గట్టిగా గుర్తుచేయండి.

క్లెయిమ్ తిరస్కరిస్తే, ఏ నిబంధన ప్రకారం తిరస్కరించారో రాతపూర్వకంగా అడిగి, ముందు సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. అక్కడ న్యాయం జరగకపోతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో గానీ 155255 నంబరులో గానీ ఫిర్యాదు చేయవచ్చు. సంస్థ నెల రోజులు స్పందించకపోయినా, జవాబు సంతృప్తికరంగా లేకపోయినా, ఏడాది లోపు బీమా అంబుడ్స్‌మన్‌ను (బీమా వివాదాలను విచారించి పరిష్కరించే అధికారిని) ఆశ్రయించవచ్చు. మన రాష్ట్రానికి సంబంధించిన అంబుడ్స్‌మన్ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. 50 లక్షల రూపాయల వరకు వివాదాలను అక్కడ విచారిస్తారు; రుసుము లేదు, న్యాయవాదీ అక్కరలేదు. ఫిర్యాదుతో పాటు తిరస్కరణ లేఖ, పాలసీ పత్రం, డిశ్చార్జి సమ్మరీ, మూడో అడుగులో దాచిపెట్టుకోమన్న ప్రతిపాదన పత్రం నకలు జతచేయాలి. జబ్బు దాచారన్న ఆరోపణ వచ్చినప్పుడు మీ పక్షాన మాట్లాడేది ఆ నకలే.